నీళ్లు మానొద్దు, నడవ పక్క సీటు అడగండి

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు నేరుగా వెళ్లే విమానంలో 18 గంటలకు పైనే కూర్చోవాలి. ఇక్కడి గాలిలో తేమ సాధారణంగా 80 శాతం. విమానంలో 20 శాతం కూడా ఉండదు. అంత ఎత్తున పొడిగా ఉండే బయటి గాలే లోపలికి వస్తుంది. అందుకే పెదవులు పగులుతాయి, కళ్లు మండుతాయి, చర్మం బిగుసుకుంటుంది.

పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు కొందరు, పక్కవాళ్లను లేపి టాయిలెట్‌కు వెళ్లాలన్న మొహమాటంతో మంచినీళ్లే మానేస్తారు. వారికి నడవ పక్క సీటు తీసుకోండి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేస్తే కాళ్ల వాపూ తగ్గుతుంది.

ఖాళీ సీసా తీసుకెళ్లి, చాంగీలో తనిఖీ అయ్యాక నింపుకోండి. క్రీమ్ డబ్బా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ముఖం కడిగాక తడి ఆరకముందే రాస్తే తేమ నిలుస్తుంది.