యాప్ చదువుకు గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకు?

యాప్‌ల తయారీ నేర్చుకోవాలంటే విడి గ్రాఫిక్స్ కార్డు, అంటే తెరమీది దృశ్యాలను గీయడానికే ప్రత్యేకించిన చిప్పు, ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొనితీరాలన్న నమ్మకం శాలిబండ నుంచి ఫలక్‌నుమా దాకా హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, కోర్సు ఫీజు దగ్గర బేరమాడే కుటుంబం సైతం ల్యాప్‌టాప్ పేరు చెప్పగానే నగలు కుదువ పెట్టడానికో, రెండేళ్ల వాయిదాలకు సంతకం చేయడానికో సిద్ధపడుతుంది. ఈ మాట ఆటలాడేవారి దగ్గర పుట్టింది. అమ్మేవారి దగ్గర పెరిగింది.

యాప్ తయారయ్యే క్రమాన్ని ఒక్కసారి గమనిస్తే ఇందులోని డొల్లతనం బయటపడుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌ల కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే ఆండ్రాయిడ్ స్టూడియోలో విద్యార్థి కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసే కోడ్ వట్టి అక్షరాలే గనుక, ఆ రాతవల్ల గ్రాఫిక్స్ కార్డుకు పడే శ్రమ దాదాపు శూన్యం. రాసినదాన్ని ఫోనులో నడిచే రూపానికి మార్చే పనిని బిల్డ్ అంటారు. గ్రేడిల్ అనే సాధనం ఆ పని చేపట్టినప్పుడు ప్రాసెసర్ లెక్కలు చేస్తుంది, ర్యామ్ ఆ లెక్కలకు కావలసిన సరంజామాను అందుబాటులో ఉంచుతుంది, వేలాది చిన్న ఫైళ్లను చదివి రాసే భారం డిస్కు మోస్తుంది. ఈ మూడింటిలో ఏది వెనుకబడినా బిల్డ్ నత్తనడక నడుస్తుంది. వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఆ సేపంతా పెళ్లికి వచ్చిన దూరపు చుట్టంలా ఒక మూల కూర్చుని ఉంటుంది. బిల్డ్ జరుగుతుండగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిస్తే ఈ దృశ్యం ఎవరికైనా కనబడుతుంది. తెరిచి చూసే ఓపికే కరవు.

అయితే ఈ అపోహకు ఒక ఆధారం ఉన్నదని, మనసొప్పకపోయినా, అంగీకరించక తప్పదు. గూగుల్ ప్రకటించిన కనీస అర్హతల పట్టికలో స్టూడియో ఒక్కదానికైతే 8 జీబీ ర్యామ్ చాలునని, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని ఉండగా, ఎమ్యులేటర్‌ను కూడా నడపదలిస్తే 16 జీబీ ర్యామ్, 4 జీబీ సొంత మెమరీ గల గ్రాఫిక్స్ కార్డు ఉండాలని ఉంది. ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ తెరమీదే ఒక ఆండ్రాయిడ్ ఫోనును అనుకరించే ప్రోగ్రామ్. దుకాణాల్లో చూపేది ఈ రెండో వరుసనే. మొదటి వరుస ఎవరి కంటా పడదు. విచిత్రమేమంటే, లేని ఫోనును తెరమీద సృష్టించడానికి ఇంత ఖర్చు పెట్టే విద్యార్థి జేబులో అసలు ఫోను ఉండనే ఉంటుంది. ఆ ఫోను సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి; వాటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేసి కేబుల్ కలిపితే, రాసిన యాప్ నేరుగా ఆ ఫోనులోనే నడుస్తుంది. పాతబస్తీకి ఈ పద్ధతి మరింత తగినది. 2017లో తెలంగాణకు రెండో అధికార భాష అయిన ఉర్దూలో యాప్ చేయాలనుకునేవారికి కుడి నుంచి ఎడమకు సాగే తెర అమరికను ఆండ్రాయిడ్ 2012లో వచ్చిన 4.2 నుంచే సమకూరుస్తున్నది. ఆ అమరిక జనం వాడే చవక ఫోన్లలో ఎలా కుదిరిందో తేల్చుకోవడానికి అలాంటి ఫోనుకు మించిన పరీక్ష లేదు.

గ్రాఫిక్స్ కార్డు తరువాత ఎక్కువ డబ్బు మింగేది ఐ7 అన్న స్టిక్కరు. ఆ అంకె ఒకే తరంలోని చిప్పుల మధ్య హోదాను చెబుతుందే తప్ప తరాన్ని చెప్పదు. 2013 నాటి ఐ7-4600యూలో ఉన్నవి రెండే కోర్లు, అంటే ఏకకాలంలో పనిచేయగల రెండు లెక్కల యంత్రాలు; 2017లో వచ్చిన ఐ5-8250యూలో అవి నాలుగు. గీత తరువాతి తొలి అంకె, అంటే ఇక్కడి 4, 8 (పదో తరం నుంచి తొలి రెండు అంకెలు), తరాన్ని సూచిస్తుందన్న చిన్న విషయం తెలియకపోవడం వల్ల పాత ఐ7ను గొప్పగా, కొత్త ఐ5ను తక్కువగా ఎంచే బేరాలు సాగుతుంటాయి.

ఇలాంటి అపోహలు మరికొన్ని ఉన్నాయి. మ్యాక్ లేనిదే యాప్‌లు చేయలేమన్న మాట ఐఫోన్ యాప్‌లకే వర్తిస్తుంది. వాటికి వాడే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు, యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఆపిల్‌కు ఏటా 99 డాలర్ల రుసుమూ కట్టాలి, గూగుల్ ప్లేకు ఒక్కసారి కట్టే 25 డాలర్లతో సరి. ఒక టీబీ హార్డ్‌డిస్కు గొప్పదనుకోవడం గోదాము పెద్దదైతే వంట త్వరగా అవుతుందనుకోవడమే. వాడిన ల్యాప్‌టాప్‌లన్నీ చెత్తేననేవారు మాత్రం జుమ్మేరాత్ బజారులో అమ్మే పాత సామానుకూ, కంపెనీలు వాడి వదిలాక పరీక్షించి బిల్లుతో అమ్మే యంత్రాలకూ తేడా చూడనివారు.

కొత్తగా నేర్చుకునేవారికి ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ఐ5, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు, 8 జీబీ ర్యామ్ సరిపోతాయి. 16కు పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉన్నదో లేదో మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి, కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. ఏడో తరం, అంతకు ముందరి ఇంటెల్ యంత్రాలు చవకగా దొరకడం వెనుక కారణముంది: విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 వాటిలో చాలావాటిని అంగీకరించదు. మూసీ దాటి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, వీధి చివరి దుకాణానికి వెళ్లినా, ప్రాసెసర్ పేరును అంకెలతో సహా బిల్లు మీద రాయించుకున్నాకే బయానా ఇవ్వాలి.