పశువుల బీళ్లలో పైలట్ లేని విమానం

రాయదుర్గం నుంచి మొళకాల్మూరు మీదుగా చళ్లకెరె వెళ్తుంటే రాష్ట్రం ఎక్కడ మారిందో నేలను చూసి చెప్పలేం. అటూ ఇటూ అదే ఎర్రనేల, అవే వేరుశనగ చేలు, బోడిగుట్టలు, గొర్రెల మందలు. వాన తీరు కూడా అనంతపురం తీరే. బోర్డుల మీద లిపి మారుతుంది గానీ మాట పూర్తిగా మారదు. ఈ తాలూకాల్లో మ్యాసబేడ నాయక కులస్థుల ఇళ్లలో తెలుగు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లాలో ఉన్న చళ్లకెరెకు నూనె మిల్లుల పుణ్యమా అని ఆయిల్ సిటీ అనే పేరుంది. నల్లగొర్రె బొచ్చుతో కురుబలు నేసే కంబళ్లకూ ఇది పెట్టింది పేరు. ఆ నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు. అందుకే కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉంటుంది. గొర్రెలకాపరికి వానలో గొడుగైనా, రాత్రి పరుపైనా అదే. ఇప్పుడు ఇవేవీ తెలియనివాళ్లు కూడా ఈ ఊరి పేరు వింటున్నారు. కారణం ఊరి బయట బీళ్లలో వేసిన ఒక రన్‌వే.

వరవు కావల్ దగ్గర 4,290 ఎకరాల్లో డీఆర్‌డీఓ వారి ఏరోనాటికల్ టెస్ట్ రేంజ్ ఉంది. బెంగళూరుకు 200 కిలోమీటర్లు. 2017 మే 28న అప్పటి రక్షణ మంత్రి అరుణ్ జైట్లీ దీన్ని ప్రారంభించారు. ఆ ముందు ఏడాది నవంబరులోనే రుస్తుం-2 డ్రోన్ తొలిసారి ఇక్కడి నుంచి ఎగిరింది. ఇస్రో వారి రెక్కల నౌక పుష్పక్‌ను చినూక్ హెలికాప్టర్ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, తనంతట తానే వచ్చి దిగింది కూడా ఈ రన్‌వే మీదే. 2023లో ఒకసారి, 2024లో రెండుసార్లు. అయితే ఈ బీడుకు అసలు ప్రాధాన్యం తెచ్చింది పుష్పక్ కాదు, దానికన్నా చిన్నదైన మరో యంత్రం.

తోక లేని పక్షి

2022 జులై 1న ఈ రన్‌వే మీద టన్ను బరువున్న, పైలట్ లేని ఒక విమానం లేచింది. ముందే చెప్పిన దారిలో తిరిగింది, మెత్తగా దిగింది. బెంగళూరులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏడీఈ తయారుచేసిన ఆ విమానాన్ని క్లుప్తంగా స్విఫ్ట్ అంటారు. అప్పట్లో డీఆర్‌డీఓ ఛైర్మన్ మన నెల్లూరు జిల్లాకు చెందిన జి.సతీశ్‌రెడ్డి. 2023 డిసెంబరు 15న తోక లేని రూపంలో ఎగిరినట్టు ప్రభుత్వం మళ్లీ ప్రకటించింది. అప్పటికి రెండు నమూనాలతో చేసిన ప్రయోగాలు ఏడు.

తోక తీసేయడంలో అంత గొప్పేముంది? గాలిపటానికి తోక తెగితే ఏమవుతుందో చిన్నపిల్లలకూ తెలుసు, గిరగిరా కొట్టుకుంటుంది. విమానం ముక్కు కుడిఎడమలకు ఊగకుండా పట్టి ఉంచేది నిలువుగా లేచిన ఆ తోకే. చిక్కేమిటంటే, రాడార్ కిరణాలను తిరిగి శత్రువు వైపు కొట్టే భాగాల్లో తోక ముఖ్యమైనది. దాన్ని తీసేస్తే కనబడడం తగ్గుతుంది, నిలకడ పోతుంది. ఆ నిలకడను రెక్కల అంచున ఉండే పలకలను సెకనుకు ఎన్నోసార్లు కదిలిస్తూ కంప్యూటర్ మళ్లీ తెచ్చిపెట్టాలి. మనిషి చేతికి అందని పని అది. స్విఫ్ట్ నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే. దిగేటప్పుడు కూడా నేల మీది రాడార్ సాయం అడగదు. రన్‌వే కొలతలను లోపలే పెట్టుకుని, మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ ఇచ్చే సంకేతాలతో సరిచూసుకుంటూ వచ్చి వాలుతుంది.

ఇది యుద్ధ విమానం కాదు. బాంబు మోయదు. లోపల ఉన్నది రష్యా తయారీ చిన్న ఇంజిన్. దీని మీద నేర్చుకున్న పాఠాలతో ఘాతక్ అనే అసలు విమానం తయారు కావాలి. దాని బరువు సుమారు 13 టన్నులు, ఆయుధాలు పొట్టలోనే. ఇంజిన్‌గా కావేరిని, ఆఫ్టర్‌బర్నర్ తీసేసిన రూపంలో, వాడాలన్నది ఆలోచన. 1980ల చివర్లో మొదలై, తేజస్ యుద్ధ విమానానికి చాలినంత శక్తి ఇవ్వలేక పక్కకు జరిగిన ఇంజిన్ ఇది. పైలట్ లేని విమానం ధ్వనివేగాన్ని దాటనక్కర్లేదు కాబట్టి ఇక్కడైనా దానికి అచ్చొస్తుందేమో చూడాలి. మన వైమానిక రంగంలో డిజైన్ ఎప్పుడూ ముందు పరిగెడుతుంది, ఇంజిన్ దగ్గరే బండి ఆగుతుంది.

పైలట్ ఉండే స్టెల్త్ విమానం, అంటే రాడార్‌కు తేలిగ్గా చిక్కని విమానం, ఆమ్కా సంగతి వేరు. ఐదు నమూనాల కోసం సుమారు రూ.15 వేల కోట్లకు 2024 మార్చిలో కేంద్రం ఒప్పుకుంది. 25 టన్నుల జంట ఇంజిన్ల విమానం. మొదటి రకానికి అమెరికా ఇంజిన్లే. 2028-29 నాటికి ఎగరాలన్నది లక్ష్యం. దళంలో చేరేది 2035 ప్రాంతంలో. దానికి రెండు తోకలు ఉంటాయి, పక్కకు వాల్చి. ఇంజిన్ ముఖం రాడార్‌కు చిక్కకుండా గాలి వెళ్లే గొట్టాన్ని వంకర తిప్పుతారు. పైలట్ ఉన్నంత కాలం అద్దపు మూత, కుర్చీ, ఊపిరికి ఆక్సిజన్ తప్పవు కాబట్టి ఆకారంలో రాజీలూ తప్పవు. ఘాతక్‌కు ఆ బాధ లేదు. అలాగని అది ఆమ్కాకు బదులు వచ్చేదీ కాదు. ముందు పంపదగ్గది ఘాతక్, వెనక నుంచి నిర్ణయం తీసుకునేది ఆమ్కాలోని మనిషి. బయటి దేశాలూ చాలావరకు ఇదే లెక్కలో ఉన్నాయి. ఇదే జోడీ కోసం హెచ్ఏఎల్ తయారుచేస్తున్న క్యాట్స్ వారియర్ డ్రోన్ 2025 జనవరిలో నేల మీద ఇంజిన్ నడిపి చూపించింది.

ఆ దేశాల అనుభవం చూస్తే ఆశకూ జాగ్రత్తకూ రెండింటికీ చోటుంది. అమెరికా వారి ఎక్స్-47బి 2013 జులైలో విమాన వాహక నౌక మీద పైలట్ లేకుండా దిగి ఔరా అనిపించుకుంది. ఆ తర్వాత నౌకాదళం దాన్ని పక్కనపెట్టి, గాల్లో ఇంధనం నింపే డ్రోన్ వైపు వెళ్లింది. 2025 నవంబరు చివర్లో తుర్కియే వారి కిజిలెల్మా, మరి కొద్దిరోజులకే ఆస్ట్రేలియాలో తయారైన ఎంక్యూ-28, గాల్లో ఎగిరే జెట్ లక్ష్యాన్ని క్షిపణితో కొట్టాయి. డ్రోన్ నేలను కొట్టడం పాతబడిన సంగతి. గాల్లో ఎగిరేదాన్ని కొట్టడం మాత్రం నిజంగా కొత్త మెట్టు.

రష్యా కథ మరోలా నడిచింది. 2024 అక్టోబరు 5న ఉక్రెయిన్‌లోని కోస్తియంతినివ్కా మీద రెండు రష్యా విమానాలు ఎగురుతున్నాయి. ఒకటి పైలట్ లేని స్టెల్త్ విమానం ఓఖోత్నిక్. రెండోది దాని వెనక వస్తున్న రష్యా యుద్ధ విమానం. ఉన్నట్టుండి వెనకది క్షిపణి వదిలింది, ముందున్న తమ విమానాన్నే కూల్చింది. అదుపు తప్పిన ఓఖోత్నిక్ శత్రువు చేతికి చిక్కకూడదని చేసిన పని అది అని నిపుణుల అంచనా. శకలాలు మాత్రం ఉక్రెయిన్ వాళ్లకే దొరికాయి. 2011 డిసెంబరులో అమెరికా స్టెల్త్ డ్రోన్ ఆర్‌క్యూ-170 ఇరాన్ చేతిలో పడినప్పుడు దాన్ని పూర్తి ఆకారంతో టీవీలో చూపించారు. పైలట్ లేని విమానం అసలు బలహీనత రెక్కల్లోనో ఇంజిన్‌లోనో కాదు, నేలకూ దానికీ మధ్య ఉన్న కంటికి కనిపించని తాడులో ఉంది. అది తెగాక ఏం చేయాలో విమానానికే తెలియాలి. అంత తెలివి దానికిస్తే తూటా పేల్చే నిర్ణయం కూడా దానికే వదిలేస్తామా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి ఏ దేశమూ తృప్తికరమైన జవాబు చెప్పలేదు.

ఖాళీ అనుకున్న నేల

ఇలాంటి యంత్రాలు ప్రయోగాల్లో పడతాయి. పడతాయనే జనం పలచగా ఉన్న చోటు వెతుకుతారు. చళ్లకెరె బీళ్లు సర్కారు కాగితాల్లో అలా కనిపించాయి. నిజానికి అవి ఏనాడూ ఖాళీ నేలలు కావు.

వీటిని అమృత్ మహల్ కావళ్లు అంటారు. మైసూరు ఒడెయర్లు బెణ్ణె చావడి పేరిట పెంచిన రాచమందల కోసం కేటాయించిన మేతభూములు. పేరులో వెన్న ఉన్నా ఆ పశువుల అసలు పని యుద్ధం. హైదర్ అలీ వాటితో ఫిరంగులు లాగించాడు. అమృత్ మహల్ అన్న పేరు టిప్పు కాలంలో వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక మందలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. ఇదే తాలూకాలోని దొడ్డేరిలో 1695లో మొఘల్ సేనాని ఖాసిం ఖాన్‌ను మరాఠా సేనాని సంతాజీ ఘోర్పడే చుట్టుముట్టాడు. సైన్యానికి ఈ నేల కొత్తేమీ కాదన్నమాట. అయితే ఫిరంగి ఎద్దు ఈ గడ్డి మేసే పెరిగింది. ఇప్పటి యంత్రానికి ఇక్కడి గడ్డితో పని లేదు, గడ్డికి కట్టే కంచెతోనే పని.

రాజుల మందలు పోయినా ఊళ్ల మందలు మిగిలాయి. మ్యాసబేడలకు దేవుడి ఎద్దుల మందలున్నాయి. వాటిని అరకకు కట్టరు, అమ్మరు. కిలారి అనే కాపరి వెంట ఉండి మేపుకొస్తాడు. కరువొస్తే గడ్డి కోసం దాతల్ని అడగాల్సి వస్తుంది. ఈ బీళ్లలో కృష్ణజింకలు, తోడేళ్లు, బట్టమేక పిట్టలు తిరిగేవని పర్యావరణవాదులు గట్టిగా చెప్పారు. డీఆర్‌డీఓ ఒక్కటే కాదు, భాభా అణు పరిశోధన కేంద్రానికి 1,810 ఎకరాలు, బెంగళూరు ఐఐఎస్‌సీకి 1,500, ఇస్రోకు 573 ఎకరాలు ఇచ్చారు. ఈ నాలుగే కలిపితే ఎనిమిది వేల ఎకరాలు దాటతాయి. కంచెలు లేచాక ఊళ్లు లేచాయి. వ్యవహారం చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2014లో ట్రైబ్యునల్ షరతులైతే పెట్టింది గానీ ప్రాజెక్టులను ఆపలేదు.

రన్‌వే మొదలయ్యాక కంచె బయట ఏం జరిగిందో చూడండి. 2019 సెప్టెంబరు 17 పొద్దున రుస్తుం-2 నమూనా ఒకటి జోడిచిక్కేనహళ్లి దగ్గర వక్కతోటలో కూలింది. ఊరంతా తోటలోకి వచ్చేసింది. చెట్ల మధ్య విరిగిన రెక్కలు, తెరుచుకున్న పొట్ట, వేలాడుతున్న తీగలు, చుట్టూ ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు. 2023 ఆగస్టు 20న అదే కుటుంబానికి చెందిన తపస్ డ్రోన్ హిరియూరు తాలూకా వడ్డికెరె పొలాల్లో పడింది. రెండుసార్లూ ఎవరి ప్రాణమూ పోలేదు. దాన్ని అదృష్టం అనాలి తప్ప ఏర్పాటు అనలేం. పైలట్ లేని విమానంలో ప్రాణాపాయం లేదన్న మాట ఢిల్లీలో కూర్చుంటే సబబుగానే వినిపిస్తుంది. చేలో కలుపు తీసే మనిషికి ఆ మాట చెప్పలేం. విమానంలోంచి తీసేసిన ప్రమాదంలో కొంత నేల మీదకి దిగింది.

ప్రయోగాలు వద్దని కాదు. తపస్‌ను 30 వేల అడుగుల ఎత్తున 24 గంటలు ఎగరాలని అడిగితే 28 వేల అడుగులు, 18 గంటల దగ్గర ఆగింది. సైన్యం అడిగిన స్థాయి అందక చివరికి ఆ ప్రాజెక్టు హోదానే తగ్గించారు. ఇలాంటి దెబ్బలు తినకుండా కొత్త విమానాలు రావు. పొరుగున చైనా 2024 డిసెంబరులో తోక లేని పెద్ద యుద్ధ విమానాన్ని పట్టపగలు ఎగరేసింది. ఇక్కడ బీళ్లలో పని ఆపి కూర్చోమని ఎవరూ అనరు.

మన పక్క కూడా ఇదే మొదలైంది. డ్రోన్ నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వి3 క్షిపణిని 2025 జులైలో పరీక్షించింది కర్నూలు దగ్గరి రేంజ్‌లో. దాని తయారీలో హైదరాబాద్ సంస్థ బీడీఎల్‌కు భాగముంది. బట్టమేక పిట్ట కోసం పేరుపడ్డ రోళ్లపాడు ఉన్నదీ ఆ సీమలోనే. యుద్ధ విమానాల తయారీని లేపాక్షి-మడకశిర వైపు రప్పించాలని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది. రాయలసీమ మెట్టనేలలకు ఇలాంటి కంచెలు ఇంకా వస్తాయి, రావాలని కోరుకునే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్ల కోరికలో తప్పు లేదు.

స్విఫ్ట్ టన్ను బరువు. ఘాతక్ పదమూడు టన్నులు. అంత బరువు ఈ బీళ్ల మీద లేచే ముందు డీఆర్‌డీఓ ఒక చిన్న పని చేస్తే బాగుంటుంది. చుట్టూ ఉన్న ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద, ప్రయోగం రోజు చేలల్లోకి పోవచ్చా లేదా, ఏదైనా కూలితే ఎవరికి ఫోన్ చేయాలి, పంట పోతే పరిహారం ఎన్నాళ్లలో ఎవరిస్తారు, ఈ మూడూ కన్నడంలోనూ తెలుగులోనూ రాయించాలి. కర్నూలు రేంజ్ చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు కూడా అదే బోర్డు ఇప్పుడే అడగాలి.