ముక్కు మీద నల్లచుక్కలు: ఎంత కడిగినా పోవెందుకు?

ఆదివారం పొద్దున మందిరానికి బయలుదేరే వేళ మన ఇళ్ళలో అద్దం ఒకటే ఉంటుంది, దాని ముందు నిలబడేవారు మాత్రం నలుగురు. వారిలో యౌవనంలో ఉన్న కొడుకో కూతురో కాస్త ఎక్కువసేపు నిలబడితే వంటింట్లో నుండి తల్లి గొంతు వినబడుతుంది. “ఎంతసేపురా ఆ ముక్కు గిల్లుకుంట నిలబడ్తవు? దినాం ముఖం మంచిగ కడుక్కుంటే గట్ల నల్లగ ఎందుకైతది?” కొడుకు జవాబు చెప్పడు. వారమంతా లేతు మిషను దగ్గర నిలబడి, ఇంటికి రాగానే సబ్బు అరిగిపోయేలా రుద్దుకున్న సంగతి వాడికి తెలుసు. అయినా చుక్కలు పోలేదు.

ఆ తల్లి మాటలో ప్రేమ ఉంది గాని నిజం లేదు. బ్లాక్‌హెడ్స్ అని మందుల షాపువారు పిలిచే ఈ నల్లచుక్కలు అశుభ్రత వలన వచ్చేవి కావు. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో పిల్లలు ముఖం చర్మం లేచిపోయేలా రుద్దుకుంటున్నారు. పెండ్లిచూపులు దగ్గరపడ్డాయని ఏదో ఒక క్రీము తెచ్చి రాసి, ఉన్న ముఖాన్ని పాడుచేసుకుంటున్నారు. అందుకే ఈ చిన్న విషయాన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం.

అది మురికి కాదు

మన చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కన ఒక చిన్న నూనె గ్రంథి ఉంటుంది. చర్మం ఎండిపోకుండా అది జిడ్డును తయారుచేసి, వెంట్రుక పుట్టే సన్నని రంధ్రం గుండా పైకి పంపుతుంది. ఆ రంధ్రం లోపలి పొర నుండి చనిపోయిన చర్మకణాలు కూడా రోజూ రాలుతుంటాయి. మామూలుగా రెండూ కలిసి బయటికి వచ్చేస్తాయి. జిడ్డు ఎక్కువై, కణాలు ఒకదానికొకటి అతుక్కుంటే మాత్రం సీసాకు బిరడా పెట్టినట్లు రంధ్రం మూసుకుపోతుంది. పైన చర్మం కప్పి ఉంటే తెల్లని పొక్కులా కనబడుతుంది. మూతి తెరుచుకొని ఉంటే ఆ బిరడా పైభాగం గాలికి తగిలి నల్లబడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా అందులో ఉంటుంది. మనకు కనబడే నలుపు అదే గాని దుమ్ము కాదు. బిరడా లోతుగా ఉంటుంది కనుక సబ్బు, నీళ్ళు పైపైనే పోతాయి.

ఇంకొక మాట. ముక్కు మీద వరుసగా, చదునుగా, బూడిద రంగులో సన్నగా కనబడే చుక్కలన్నీ బ్లాక్‌హెడ్స్ కావు. జిడ్డు బయటికి వచ్చే దారులు చాలామందికి అలాగే కనబడతాయి. వాటిని పిండితే సన్నని దారంలాంటిది వస్తుంది, కొద్ది రోజులలో మళ్ళీ నిండుతుంది. అది రోగం కాదు, దానికి వైద్యం అక్కరలేదు.

ఎవరికి వస్తాయి?

యౌవనంలో హార్మోన్ల వలన నూనె గ్రంథులు పెద్దవవుతాయి కనుక ఆ వయసులో ఇవి ఎక్కువ. తల్లిదండ్రులకు మొటిమలు వచ్చి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం హెచ్చు. తలకు పెట్టిన నూనె నుదుటి మీదికి కారేవారికి జుట్టు అంచు వెంబడి వస్తాయి. మన పల్లెలలో ఆడపిల్లలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి జడ వేస్తాము కదా, ఆ నూనె నుదురు దాటకుండా చూసుకోవాలి. రాత్రి పెట్టుకొని పొద్దున తలంటుకోవడం మేలు. దిండు గలేబు వారానికొకసారి ఉతకాలి.

పెద్దవారికీ వస్తాయి. ఏండ్ల తరబడి ఎండలో పొలం పని చేసినవారికి, ముఖ్యంగా బీడీ, చుట్ట కాల్చే అలవాటున్నవారికి, కళ్ళ పక్కన, చెంప ఎముకల మీద పెద్ద పెద్ద నల్లచుక్కలు, ముడతలు కలిసి కనబడతాయి. ఎండ చర్మంలోని సాగే గుణాన్ని చెరపడం వలన ఇవి వస్తాయి. తాతగారి ముఖం మీదివి మురికని ఎవరూ అనవద్దు. తలపాగా, వెడల్పు అంచు టోపీ వయసులో ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి.

కార్ఖానా పని, నల్లచుక్కలు

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఈ విషయంలో ప్రత్యేకత ఉంది. 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి వైపు మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు, ఇనుప పనిముట్ల షెడ్లు విస్తరించాయి. జొన్న చేలలో పనిచేసిన తండ్రుల కొడుకులు లేతు మిషను ముందు, రియాక్టరు పక్కన నిలబడ్డారు. పనితోపాటు కొత్త చర్మవ్యాధులూ పల్లెకు వచ్చాయి.

లేతు, డ్రిల్లింగ్, గ్రైండింగ్ మిషన్ల దగ్గర ఇనుము కోసేటప్పుడు చల్లడానికి పోసే కటింగ్ ఆయిల్ చిందుతుంది. ఆ నూనె చర్మరంధ్రాలను మూసివేస్తుంది. అప్పుడు ముఖం మీదనే గాక ముంజేతుల మీద, తొడల మీద కూడా నల్లచుక్కలు, చీముపొక్కులు లేస్తాయి. తొడల మీద ఎందుకంటే, నూనెలో తడిసిన ప్యాంటు రోజంతా ఒంటికి అంటుకొని ఉంటుంది. చేయి తుడిచిన గుడ్డ జేబులో కుక్కుకుంటే ఆ జేబు కిందనే పొక్కులు ఎక్కువ. శుద్ధి సరిగా లేని ఖనిజ నూనెలు ఏండ్ల తరబడి చర్మానికి తగిలితే చర్మ క్యాన్సరు కూడా రావచ్చని వైద్యశాస్త్రం నిర్ధారించింది. కాబట్టి దీనిని అందం సంగతిగా మాత్రమే తీసుకోకూడదు.

రెండవది ఇంకా గట్టి హెచ్చరిక. క్లోరిన్ కలిసిన కొన్ని రసాయనాలు ఒంట్లో చేరితే క్లోరాక్నే అనే వ్యాధి వస్తుంది. జర్మనీలో 1899లోనే కార్మికులలో దీనిని గుర్తించి ఆ పేరు పెట్టారు. 1976లో ఇటలీలోని సెవెసో దగ్గర రసాయన ఫ్యాక్టరీ ప్రమాదంలో డయాక్సిన్ అనే విషం గాలిలో కలిసినప్పుడు అనేకమంది పిల్లలకు ఇది వచ్చింది. 2004లో ఉక్రెయిన్ నాయకుడు విక్టర్ యుష్చెంకో ముఖం అకస్మాత్తుగా గుంటలు పడి మారిపోవడం లోకమంతా చూసింది. అదీ డయాక్సిన్ పనే. ఈ వ్యాధిలో నల్లచుక్కలు కళ్ళ పక్కన, చెవుల వెనుక గుంపుగా వస్తాయి. ముక్కు మీద సాధారణంగా రావు. మామూలు మొటిమలకు, దీనికి ఇదే పెద్ద తేడా.

అంతమాత్రాన ప్రతి చుక్కకూ భయపడవద్దు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. స్థానిక వైద్యులు డాక్టర్ కిషన్ రావు గారు దాని కోసం ఏండ్ల తరబడి పోరాడారు. ఆ బాధ నిజమైనదే. అయితే పదహారేండ్ల పిల్లవాడి ముక్కు మీది చుక్కలన్నిటికీ వాగు నీళ్ళే కారణమని అనుకోవడం సరికాదు. నడి వయసులో హఠాత్తుగా వస్తే, కళ్ళ పక్కన, చెవుల వెనుక వస్తే, ఒకే షెడ్డులో పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అనుమానించాలి. అటువంటప్పుడు చర్మవైద్యునికి చూపించి, ఏ పని చేస్తారో, ఏ రసాయనం ముట్టుకుంటారో దాచకుండా చెప్పాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళవచ్చు.

కార్మికులకు చేతులు, ముఖం కడుక్కునే సదుపాయం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షనులో రాసి ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్‌లోనూ ఆ మాట ఉంది. కాబట్టి సబ్బు, నీళ్ళు అడగడం బతిమాలుకోవడం కాదు. షిఫ్టు దిగగానే అక్కడే కడుక్కొని బట్టలు మార్చుకోవాలి. నూనె బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. గ్రీజు వదలడానికి కిరోసిన్, థిన్నర్ వాడే అలవాటు చాలామందికి ఉంది. అవి చర్మాన్ని పగలగొట్టి లోపలికి దారి చేస్తాయి. సబ్బు చాలు.

ఇంట్లో ఏం చేయాలి?

పొద్దున, రాత్రి రెండుసార్లు, చెమట పట్టే పని చేస్తే ఇంకొకసారి, ఘాటు లేని సబ్బుతో చేతివేళ్ళతోనే మెల్లగా కడగాలి. పీచు, బ్రష్షు వద్దు. ఎంత గట్టిగా రుద్దితే అంత వాపు వస్తుంది.

బిరడాను కరిగించే మందులున్నాయి. సాలిసిలిక్ ఆమ్లం రెండు శాతం వరకు ఉన్న ఫేస్‌వాష్ రంధ్రంలోని జిడ్డులోకి చొచ్చుకుపోయి కణాలను విడదీస్తుంది. దానితో తగ్గకపోతే డాక్టరు సలహాతో అడాపలీన్ 0.1 శాతం జెల్ వాడతారు. రాత్రి ముఖం కడిగి, బాగా ఆరిన తర్వాత, శనగగింజంత మందు ముఖమంతటికీ పలుచగా రాయాలి. చుక్క మీద మాత్రమే పెడితే లాభం లేదు, ఎందుకంటే రేపు మూసుకోబోయే రంధ్రాలను కూడా అది కాపాడాలి. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొట్టు లేస్తుంది, కాస్త మండుతుంది. అప్పుడు రోజు విడిచి రోజు రాస్తే సరిపోతుంది. ఫలితం తెలియడానికి ఎనిమిది నుండి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో ఏమీ కాలేదని మానేసేవారే ఎక్కువ. గర్భిణులు, గర్భం కోసం ఎదురుచూసేవారు ఈ జెల్ వాడకూడదు. గట్టి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు కడుపులోని బిడ్డకు అంగవైకల్యం కలిగిస్తాయి. కొత్తగా పెండ్లయిన కోడళ్ళు, కూతుళ్ళు ఈ మాట మరవరాదు.

ఏం చేయకూడదు?

గోళ్ళతో, పిన్నీసుతో పిండవద్దు. సగం బయటికి వస్తే సగం లోపలికి పోయి, చీము పట్టి, గుంట మిగులుతుంది. ముక్కు, పై పెదవి దగ్గరి రక్తనాళాలకు మెదడుతో సంబంధం ఉంది. అరుదుగానైనా అక్కడి చీము ప్రాణం మీదికి తేవచ్చు. తీయవలసి వస్తే చర్మవైద్యుని దగ్గర శుభ్రమైన పనిముట్లతో తీయించుకోవాలి.

నిమ్మరసం, వంటసోడా, పళ్ళపేస్టు పెట్టవద్దు. చర్మం మండి నల్లమచ్చ పడుతుంది. పసుపు, శనగపిండి వలన పెద్ద హాని లేదు గాని, లోపలి బిరడా వాటితో రాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. దుకాణంలో “తెల్లగైతవు బిడ్డా” అని ఇచ్చే ట్యూబులలో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి పేర్లు ట్యూబు మీద చదవండి. పది రోజులు ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు గుంపుగా లేచి, ఆడపిల్లలకు ముఖం మీద వెంట్రుకలు కూడా వస్తాయి. మానితే మంట, రాస్తే నాశనం. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నిర్ణయించింది. ఇప్పటికే రాస్తున్నవారు సిగ్గుపడక డాక్టరుకు చూపించి, ఎలా మానాలో అడగాలి.

తల్లులకు చివరి మాట. అద్దం ముందు నిలబడిన బిడ్డను మురికివాడివని, పెండ్లి కాదని అనవద్దు. సంబంధం చూడవచ్చినవారు చూసినదే వాడు రోజూ చూసుకుంటున్నాడు. ఈసారి వాడు షిఫ్టు దిగి వచ్చినప్పుడు ఒక బకెట్ నీళ్ళు, ఒక సబ్బు, ఉతికిన తువ్వాలు బయట పెట్టండి. ఆ నూనె ప్యాంటు విడిగా తీసి ఉంచండి. ముంజేతులు, చెవుల వెనుక ఒకసారి చూడండి. “ముఖం కడుక్కోవా” అని అడిగేకంటే “అక్కడ ఏం పని జేస్తున్నవు బిడ్డా?” అని అడగడం మేలు.