షాపు గదికి పదకొండు నెలల కాగితం

గదినో గోడౌనునో కొంతకాలం వాడుకునే హక్కును బాడుగకు ఇవ్వడమే లీజు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం దీనికి మూలం. తర్లుపాడు, మార్కాపురం, గిద్దలూరు బజార్లలో ఇది ఎక్కువగా స్టాంపు కాగితం మీద రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు.

పదకొండు నెలలే ఎందుకంటే, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకోవడం దేశమంతా అలవాటైంది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ చట్టాన్ని సవరించి, గడువు ఎంతైనా సరే, స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టరు చేయించాలంది. పాతికేళ్లు దాటినా ఆ సంగతి చాలా బజార్లకు చేరినట్టు లేదు. రిజిస్టరు కాని కాగితాన్ని కోర్టులో చూపి గడువునో బాడుగ పెంపునో రుజువు చేసుకోవడం కుదరదు. గదిలో బాడుగకే ఉన్నారనడానికి మటుకు అది పనికొస్తుంది.

అలాంటప్పుడు షాపుది నెలవారీ బాడుగ కిందే లెక్క. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 106 ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో యజమాని దాన్ని రద్దు చేయవచ్చు. ఆ తర్వాత కూడా ఖాళీ చేయకపోతే కోర్టుకు వెళ్లాలే తప్ప, సొంతంగా తాళం వేయకూడదు. సరుకు తయారుచేసే చోటుకు అదే సెక్షన్ ఆరు నెలల నోటీసు గడువు పెట్టింది. ఆ లెక్కన మార్కాపురం పలకల ఫ్యాక్టరీ షెడ్డుకు, పక్కనున్న కిరాణా కొట్టుకు చాలా తేడా. కానీ రిజిస్టరు లీజు లేకపోతే ఫ్యాక్టరీదీ నెలవారీ బాడుగేనని సమీర్ ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు 2001లో తేల్చింది.

బాడుగ, ఏటా పెంపు, అడ్వాన్సు తిరిగిచ్చే రోజు, మరమ్మతుల ఖర్చు ఎవరిదన్నది రాసుకోవాలి. రాయని చోట చట్టమే మాట్లాడుతుంది. వద్దని రాయకపోతే బాడుగకున్నవాడు గదిని మరొకరికి బాడుగకు ఇచ్చుకోవచ్చు. బిగించుకున్న ర్యాకులు, యంత్రాలు ఖాళీ చేసేలోగా తీసుకెళ్లవచ్చు. గది మాత్రం ఇచ్చినప్పటిలా ఉండాలి. గడువు మధ్యలో యజమాని భవనం అమ్మినా, చెల్లుబాటయ్యే లీజుకు కొన్నవాడు కట్టుబడాల్సిందే.

పన్ను సంగతీ ఉంది. జీఎస్టీ నమోదు లేని యజమాని, నమోదున్న వ్యాపారికి గది ఇస్తే, 2024 అక్టోబరు 10 నుంచి బాడుగ మీద 18 శాతం పన్ను వ్యాపారే కట్టాలి. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారులకు 2025 జనవరిలో ఆ భారం తీసేశారు.