అప్‌గ్రేడ్ వికటించిందా.. ఫార్మాట్‌కు తొందర వద్దు

ఇంట్లోని కంప్యూటరులో లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన తరువాత తెర నల్లగా ఉండిపోవడం, శబ్దం రాకపోవడం, వైఫై కనిపించకపోవడం తరచూ ఎదురయ్యే ఇబ్బందులే. అలాంటప్పుడు చాలామంది కంప్యూటరును నేరుగా మరమ్మతు దుకాణానికి చేరుస్తారు. అక్కడ సులభంగా దొరికే పరిష్కారం ఫార్మాట్. దాంతో లోపం పోతుంది. దానితోపాటే పిల్లల ఫొటోలు, భూమి పత్రాల స్కాన్ ప్రతులు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు కూడా పోతాయి.

వాస్తవానికి అప్‌గ్రేడ్‌లో మారేవి వ్యవస్థకు సంబంధించిన ఫైళ్లు. యజమాని సొంత ఫైళ్లుండే 'హోమ్' ఫోల్డరులోని పత్రాలు, ఫొటోల జోలికి అది సాధారణంగా పోదు. తెర వెలగనంత మాత్రాన సమాచారం పోయినట్లు కాదు. లోపం ఎక్కడుందో వరుసక్రమంలో వెతికితే చాలా సందర్భాల్లో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఎందుకు వికటిస్తుంది?

ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఉబుంటునే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04 నుంచి 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు మారినప్పుడు వెయ్యికి పైగా ప్యాకేజీలు ఒకేసారి మారతాయి. యంత్రభాగాలకూ సాఫ్ట్‌వేరుకూ మధ్యవర్తిగా ఉండే కెర్నల్ మారుతుంది. 22.04 మొదట 5.15 కెర్నల్‌తో రాగా, 24.04 విడుదలైనది 6.8తో. శబ్దాన్ని నడిపించే పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వస్తుంది. బయటి వనరుల నుంచి చేర్చుకున్న సాఫ్ట్‌వేరు లంకెలను అప్‌గ్రేడ్ తాత్కాలికంగా నిలిపివేస్తుంది. కొత్త కెర్నల్‌కు తగినట్లు తయారుకాని డ్రైవర్లు పనిచేయవు. మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో నిలిచిపోతాయి.

ముందు ఫైళ్లు భద్రం

మరమ్మతుకు దిగే ముందు ఫైళ్లను కాపాడుకోవాలి. మరో కంప్యూటరులో ఉబుంటును డౌన్‌లోడ్ చేసి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో బూట్ అయ్యేలా సిద్ధం చేసుకోవాలి. దానితో యంత్రాన్ని ప్రారంభించి 'ట్రై ఉబుంటు' ఎంచుకుంటే హార్డ్‌డిస్కును మార్చకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. 'ఫైల్స్'లో లోపలి డిస్కును తెరిచి, హోమ్ ఫోల్డరును బయటి డిస్కులోకి నకలు తీసుకోవాలి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాని పాస్‌వర్డ్ తప్పనిసరి.

పాత కెర్నల్ ఆదుకుంటుంది

అప్‌గ్రేడ్ తరువాత కూడా అంతకుముందు వాడిన కెర్నల్ సాధారణంగా డిస్కులోనే ఉంటుంది. యంత్రం ప్రారంభమయ్యే సమయంలో పాత తరహా బయోస్ అయితే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలి. యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ మీటను ఒకసారి నొక్కాలి. గ్రబ్ పట్టిక వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి తక్కువ సంఖ్య గల కెర్నల్‌ను ఎంచుకోవాలి. దానితో కంప్యూటరు మామూలుగా నడిస్తే లోపం కొత్త కెర్నల్‌లోనో, దానికి సరిపడని డ్రైవరులోనో ఉందని గ్రహించాలి.

అలా కుదరకపోతే అదే పట్టికలో 'రికవరీ మోడ్' ఉంటుంది. ముందుగా 'నెట్‌వర్క్', ఆ తరువాత 'డీపీకేజీ' ఎంచుకుంటే సగంలో ఆగిన ప్యాకేజీల స్థాపన పూర్తవుతుంది. పాస్‌వర్డ్ సరిగానే కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తుంటే డిస్కు నిండిపోయిందేమో చూడాలి. 'క్లీన్' ఎంచుకుంటే కొంత ఖాళీ ఏర్పడుతుంది.

తెర నల్లబడితే..

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న యంత్రాల్లో ఈ సమస్య ఎక్కువ. గ్రబ్ పట్టికలో ఉబుంటు వరుసపై ఉంచి 'ఇ' మీట నొక్కాలి. 'లినక్స్' పదంతో మొదలయ్యే వరుసలో 'క్వైట్ స్ప్లాష్' తరువాత ఒక ఖాళీ విడిచి, 'నోమోడ్‌సెట్' అని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో ఒకే పదంగా చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. డెస్క్‌టాప్ వచ్చాక 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, పరీక్షించినదిగా గుర్తు ఉన్న డ్రైవరును స్థాపించుకోవాలి. చాలా పాత కార్డులకు తయారీ సంస్థ డ్రైవర్లు కొత్త వెర్షన్లలో లభించవు. వాటికి స్వేచ్ఛా డ్రైవరైన నోవోయే ఆధారం.

సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో అప్‌గ్రేడ్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగవచ్చు. తిరిగి ప్రారంభించినప్పుడు నీలిరంగు తెర వస్తుంది. అక్కడ 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇదేమిటోనని దాటవేస్తే డ్రైవరు లోడ్ కాదు.

డెస్క్‌టాప్ వచ్చినా అతుకులుగా కదులుతుంటే, 24.04 లాగిన్ తెరలో పేరు ఎంచుకున్న తరువాత కింద కనిపించే చక్రం గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ జార్గ్' ప్రయత్నించవచ్చు.

వైఫై, శబ్దం, తెలుగు

బ్రాడ్‌కామ్ వంటి కొన్ని వైఫై చిప్‌లకు విడిగా డ్రైవరు అవసరం. దానిని తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్‌కు వైఫై కావాలి. ఈ చిక్కుముడిని ఆండ్రాయిడ్ ఫోను విప్పుతుంది. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి 'టెథరింగ్' ఆన్ చేస్తే కంప్యూటరు దానిని తీగ ఇంటర్నెట్‌గా స్వీకరిస్తుంది. ఆపై 'అడిషనల్ డ్రైవర్స్'లో వైఫై డ్రైవరును ఎంచుకోవచ్చు.

శబ్దం రాకపోతే ముందుగా సెట్టింగ్స్‌లోని 'సౌండ్' విభాగంలో అవుట్‌పుట్ పరికరాన్ని పరిశీలించాలి. స్పీకర్లకు బదులు హెచ్‌డీఎంఐ ఎంపికై ఉండటం తరచూ కనిపించే కారణం.

తెలుగు టైపింగ్ ఆగిపోతే 'కీబోర్డ్' విభాగంలోని 'ఇన్‌పుట్ సోర్సెస్'లో తెలుగును తిరిగి చేర్చుకోవాలి. సూపర్, స్పేస్ మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది. పాత పత్రాల్లో అక్షరాలు గడులుగా కనిపిస్తే చెడింది పత్రం కాదు, ఫాంటు లేకపోవడమే కారణం. లోహిత్, పోతన వంటి తెలుగు ఫాంట్లను మళ్లీ స్థాపిస్తే సరిపోతుంది.

నిలిపివేసిన బయటి లంకెలను ఒకేసారి కాక ఒక్కొక్కటిగా, కొత్త వెర్షన్‌కు సరిపడతాయని నిర్ధారించుకున్నాకే తెరవాలి. లేకుంటే తీరిన సమస్య తిరగబెడుతుంది.

జాగ్రత్తలు ఇవీ..

* అప్‌గ్రేడ్‌కు ముందు రోజే బయటి డిస్కులోకి నకలు తీసుకోవాలి.
* ల్యాప్‌టాప్‌ను ఛార్జరుకు కలిపి ఉంచాలి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుంటే కరెంటు కోత వేళల్లో మొదలుపెట్టరాదు.
* 20.04 నుంచి నేరుగా 24.04కు దూకడం కుదరదు. 22.04 మీదుగానే వెళ్లాలి.
* కొత్త వెర్షన్ వచ్చిన రోజే తొందరపడకుండా తొలి సవరణ విడుదల వరకు ఆగడం మేలు. 22.04 వాడకందారులకు 24.04 అప్‌గ్రేడ్ ఆహ్వానం అందింది 2024 ఆగస్టులో 24.04.1 వచ్చిన తరువాతే.
* దుకాణానికి ఇవ్వక తప్పకపోతే, ఫైళ్ల నకలు తీసిన తరువాతే ఫార్మాట్ చేయాలని ముందే స్పష్టంగా చెప్పాలి.