మెడ తిప్పే చేతికి చదువెంత?

మడికొండ: నాట్లేసి నడుం పట్టేసిన కూలీలు, లారీ తోలి మెడ బిగుసుకున్న డ్రైవర్లు ఎవరితోనో చెయ్యి పెట్టించుకోవడం పల్లెల్లో మామూలే. 'టక్'మంటే నొప్పి పోయిందనుకుంటారు. ఈ మధ్య సెల్‌ఫోన్ వీడియోలు చూసి దీన్నే కైరోప్రాక్టిక్ అంటున్నారు.

ఇది అమెరికా నుంచి వచ్చింది. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టాడు. అక్కడ ఎవరు పడితే వారు బోర్డు పెట్టలేరు. సుమారు మూడేళ్ల కాలేజీ చదువు, ఆపై నాలుగేళ్ల కోర్సు, జాతీయ పరీక్షలు, చివరికి రాష్ట్ర లైసెన్సు. ఎక్స్‌రే చదవడం, ఎవరి మెడ ముట్టకూడదో తెలుసుకోవడం కూడా అందులో భాగమే.

మన దేశంలో దీనికి విడిగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. నాలుగు రోజుల శిక్షణ సర్టిఫికెట్ గోడకు వేలాడదీస్తే డాక్టరైపోరు.

ఇక్కడి పిల్లలకు దగ్గరి దారి ఫిజియోథెరపీ. బైపీసీతో ఇంటర్ పాసై బి.పి.టి. చేయాలి. నాలుగేళ్లు చదువు, ఆపై ఇంటర్న్‌షిప్. పట్టా ఇచ్చే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. 2021 నాటి కేంద్ర చట్టం ఈ వృత్తిని గుర్తించింది. ఎముకల డాక్టరు కావాలంటే ఎం.బి.బి.ఎస్. ఐదున్నరేళ్లు, ఎం.ఎస్. మరో మూడేళ్లు.

ఇంత చదువెందుకంటారా? మెడను గట్టిగా తిప్పితే మెదడుకు రక్తం మోసే నాళం చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే మంచం దిగలేరు. నడుం నొప్పితో పాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగినా ఎవరి చేతా నొక్కించుకోకుండా ఆ పూటే ఎం.జి.ఎం. ఆస్పత్రికి వెళ్లాలి.