కచేరీకీ పాఠానికీ ఒకే కమాను

కచేరీలలో పేరు గడించిన విద్వాంసుడు పసిపిల్లలకు సరళీ వరుసలు చెప్పుతూ కూర్చుంటే, కాలం వృథా చేసుకుంటున్నాడని కొందరు తలచవచ్చు. మేమట్లు తలచము.

వీణకున్నట్లు ఫిడేలుకు మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి తొలగినా స్వరం చెడుతుంది. సరియైన చోటేదో పిల్లవానికి తెలిపేది గురువు వినిపించే నాదమే. కనుక కచేరీకి చాలని నాదం తొలిపాఠానికీ చాలదు.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) ఈ రెండు బాధ్యతలనూ వహించారు. చూపు మందమైనా, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాలైనారు. బోధిస్తూనే, పక్కవాద్యమైన ఫిడేలుకు ప్రత్యేక కచేరీ గౌరవం కూర్చారు. 1941లో సంగీత కళానిధి అయినారు.

ప్రయాణాలు పాఠాలకు విఘాతం. పాఠాలు సాధనవేళను హరిస్తాయి. ఈ చిక్కు నిజమే. అయితే పిల్లలతోపాటు విలంబకాలంలో స్వరస్వరానికీ నిండు కమాను లాగడం గురువుకూ సాధనయే. ఎంతటి కచేరీకైనా పునాది అదే కదా!

మీ పిల్లలకు గురువును వెదకేటప్పుడు, ఆయన బిరుదులకన్న ముందు ఒక్క మాట విచారించండి: ఆయన నేటికీ సాధన చేస్తున్నారా?